చివరి సీటు నాకే!

సినిమాకి వెళ్తే వరస చివరి సీటు నాకే కావాలని పేచీ పెడతాను. మిత్రులు నాకు 'గేట్ కీపర్' అని పేరు కూడా పెట్టేశారు. అననివ్వండి! అసలు కారణం మూత్రాశయం నొప్పి.

సినిమా పత్రికలో ఈ గోలేమిటి అంటారా? 'పుష్ప 2' (2024) నిడివి 3 గంటల 20 నిముషాలు. 'దాన వీర శూర కర్ణ' (1977) అయితే దాదాపు 4 గంటలు! ఈ బాధతో హాల్లో కూర్చున్నవాడికే తెలుస్తుంది, రీలు ఎంత పొడుగో. మీలోనూ కొందరికి ఇది ఉండే ఉంటుంది. సిగ్గుతో నోరు విప్పరు, అంతే.

దీని పేరు ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్. పలకడానికే ఒక ఇంటర్వెల్ కావాలి! మూత్రాశయం నిండుతున్న కొద్దీ పొత్తికడుపులో నొప్పి. బాత్రూంకి వెళ్ళొస్తే కాస్త ఊరట. కాసేపటికే మళ్ళీ పిలుపు! చూడ్డానికి అచ్చం ఇన్‌ఫెక్షనే. కానీ కల్చర్ పరీక్షలో ఏ క్రిమీ కనబడదు. నాకు మూడుసార్లు అలాగే వచ్చినా ఒక డాక్టరుగారు యాంటీబయాటిక్సే రాశారు. ఇంకొకాయన "అంతా మీ మనసులోనే ఉందండీ" అనేశారు. ఒళ్ళు మండిపోయింది! 1915లోనే గై హన్నర్ అనే అమెరికన్ డాక్టరు ఇలాంటి రోగుల మూత్రాశయంలో పుళ్ళు చూసి రాశాడు. పుళ్ళు అందరికీ ఉండవు. పుళ్ళు లేనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. ఆడవాళ్ళలో ఎక్కువ, మగవాళ్ళకూ వస్తుంది. అంటువ్యాధి మాత్రం కాదు.

చాలామంది చేసే పని, సినిమా ఉందంటే పొద్దుట్నించీ నీళ్ళు మానేయడం. వద్దు! మూత్రం చిక్కబడితే మంట ఇంకా ఎక్కువ. కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. ఏది తింటే నొప్పి పెరిగిందో ఓ నోటుబుక్కులో రాసుకోండి. ఒకరికి పడనిది ఇంకొకరికి పడొచ్చు. నా బుక్కులో విలన్లు కాఫీ, కూల్‌డ్రింకు, టమాటా, నిమ్మకాయ పులిహోర. ఆవకాయ కూడా ఉంది, కానీ ఆ పేజీ నేను ఎక్కువగా తిప్పను!

నొప్పి లేచిన రోజు పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుంటాను. బాగున్న రోజుల్లో, పిలుపు రాగానే పరిగెత్తకుండా ఓ అయిదు నిముషాలు ఆగడం అలవాటు చేసుకున్నాను. యూరాలజిస్టు దగ్గర మందులున్నాయి, కటి కండరాల బిగువు తగ్గించే ఫిజియోథెరపీ కూడా ఉంది. పూర్తిగా పోతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వరు. మూత్రంలో రక్తం కనబడినా, జ్వరం వచ్చినా ఈ నోటుబుక్కు వైద్యం కట్టిపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇక ఇంటర్వెల్లో క్యాంటీన్ దగ్గర కాఫీ వాసన... దాన్ని మాత్రం టిక్కెట్టు లేకుండా రోజూ పీలుస్తున్నాను!