కవాతు వేరు, కొండ దారి వేరు

2024 గణతంత్ర దినోత్సవ కవాతులో సాఫీగా సాగిన సైన్యపు ఆల్ టెరైన్ వాహనాల వంటివాటికి అసలు పరీక్ష లడఖ్ చలిలోనే. మైనస్ 18 డిగ్రీల వద్ద లెడ్ యాసిడ్ బ్యాటరీ సామర్థ్యం దాదాపు సగానికి పడిపోతుంది. బండి మొరాయించిందని వెంటనే బ్యాటరీ మార్చడం తొందరపాటే. ముందు టెర్మినళ్లు, ఎర్త్ వైరు, ఫ్యూజు చూడాలి. నిండుగా ఛార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అది 14కు చేరాలి. చేరకపోతే లోపం స్టేటర్‌లోనో రెగ్యులేటర్‌లోనో ఉన్నట్టు.

టైర్లదీ అదే తీరు. రాళ్ల దారికి పక్కలు దళసరిగా ఉన్నవి, బురదకు పళ్లు లోతుగా ఉన్నవి నప్పుతాయి. ఇసుకలో గాలి కాస్త తగ్గిస్తేనే పట్టు. గస్తీ బండిలో మల్టీమీటరు, విడి ఫ్యూజులు, గాలి పంపు తప్పనిసరి. మెకానిక్ ఉండే ఊరు అక్కడికి చాలా దూరం మరి.