ఇల్లాలి పేర పన్నులెక్క

భార్యాభర్తలు ధర్మమునందును గృహకృత్యములందును ఒక్కటియే యైనను, ఆదాయపుపన్ను విషయమున మన దేశపు చట్టము వారిని ఇరువురిగనే యెంచుచున్నది. ఎవరి పాన్ సంఖ్య వారిది. ఎవరి రిటర్ను వారిది. ఈ పద్ధతి అంతటను లేదు. ఇంగ్లాండులో 1990 ఏప్రిలు వఱకు భార్య రాబడిని భర్త రాబడిలోనే చేర్చి లెక్కించుచుండిరి. అమెరికాలో దంపతులు కలసియు, వేఱువేఱుగను రిటర్నులు దాఖలు చేయవచ్చును. అచ్చట 1948 నాటి చట్టము కలసి చేయువారికి పన్ను తగ్గునట్లు చేసినది. కాని కలసి సంతకము చేసినచో ఒకరి బాకీకి రెండవవారును పూచీపడవలెను. కోనసీమనుండి అచ్చటికి కాపురమునకు వెళ్లిన మన యాడుబిడ్డలు ఈ భేదమును గుర్తెఱిగియుండుట మేలు.

ఇక మన సంగతి. వివాహాగ్ని యెదుట ఇచ్చినది, అత్తవారింటికి తరలునపుడు ఇచ్చినది, ప్రీతితో ఒసగినది, తల్లియు తండ్రియు సోదరుడును ఇచ్చినవి యని మనువు స్త్రీధనమును ఆఱు విధములుగా చెప్పెను. ఎవరిచ్చిరను ప్రశ్న ఆనాటినుండియు కలదు. నేటి పన్నుచట్టమును అదే యడుగుచున్నది. కాని సమాధానమును మఱియొక తీరున గ్రహించుచున్నది. 1937లో హిందూ వితంతువునకు భర్త యాస్తిలో భాగమిచ్చు చట్టము వచ్చినది. ఆ సంవత్సరముననే పన్నుచట్టమును సవరించి, భర్త ప్రతిఫలము గొనక భార్యకిచ్చిన యాస్తి రాబడిని భర్త లెక్కలోనే కలుపవలెనని నిర్ణయించిరి. ఆ నియమము నేటికిని ఉన్నది. మామగారు కోడలికిచ్చినదానికిని ఇట్టి నియమమే కలదు. ఆ రాబడి మామగారి లెక్కలో చేరును.

ఉదాహరణమునకు, తండ్రి పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన 5 లక్షల రూపాయలను ఒక సోదరి బ్యాంకులో డిపాజిట్టు చేసినదనుకొందము. దాని వడ్డీ ఆమె రాబడియే. భర్త తన జీతమునుండి ఇచ్చిన 5 లక్షలను ఆమె పేరనే వేసినచో, ఆ వడ్డీ భర్త రాబడియగును. ఆయన తన సొమ్ముతో రాజమహేంద్రవరమున ఆమె పేర కొనిన యింటి అద్దెయు నంతే. కుట్టుపనివలనను, పిల్లలకు పాఠములు చెప్పుటవలనను ఆమె గడించినది ఆమెదే. వరిచేని కౌలునకును కొబ్బరితోట ఫలసాయమునకును కేంద్రప్రభుత్వపు పన్ను లేకున్నను, రిటర్ను వేయునపుడు వానిని చూపవలసియుండును.

ఇప్పుడు పన్నుశాఖవారి వెబ్‌సైటును తెఱచినంతనే బ్యాంకువారు తెలిపిన వడ్డీలన్నియు రిటర్నులో ముందుగనే నిండియుండును. ఆ యంత్రము పేరును మాత్రమే యెఱుగును, ధనమెచ్చటిదో యెఱుగదు. పైన చెప్పిన రెండు డిపాజిట్లును దానికి ఒకే తీరుగ కన్పట్టును. ఆ భేదము చెప్పగలది ఇల్లాలే. ఆమె యూరకున్నచో భర్త చూపవలసిన రాబడి ఆమె రిటర్నులో నిలిచిపోయి, పిమ్మట నోటీసు రావచ్చును.

రిటర్ను పంపిన 30 దినములలోపల దానిని ధ్రువపఱుపవలెను. ఆధారుతో చేర్చిన సెల్‌ఫోనునకు ఆఱంకెల సంఖ్య యొకటి వచ్చును. దానిని ఇచ్చుట సంతకము చేయుటయే. పెక్కు యిండ్లలో భర్తయో ఆడిటరో అడుగగా, గృహిణి రిటర్నును కన్నెత్తి చూడకయే ఆ యంకెలను చదివి చెప్పుచున్నది. వ్రాసినది ఎవరైనను జవాబుదారి ఆమెయే. బ్యాంకువారు ఆమె పేర ముందుగ కోసిన పన్ను తిరిగి రాదగినదైనచో, అది వచ్చునదియు ఆ రిటర్నువలననే.

కావున మా మనవి యిది. పుట్టింటివారిచ్చినది, భర్త యిచ్చినది, స్వయముగా గడించినది అని మూడు పద్దులు వేఱువేఱుగా తేదీలతో వ్రాసియుంచుకొనుడు. దానపత్రములను బ్యాంకు కాగితములను భద్రపఱచుడు. రిటర్నును ఆసాంతము చదివిన పిదపనే సంఖ్యను చెప్పుడు. ఇది భర్తయందు అవిశ్వాసము కాదు. ఆయనను నోటీసునుండి కాపాడుట. దైవవశమున ఒంటరితనము ప్రాప్తించిన నాడు, ఏది తనదో చూపవలసివచ్చినపుడు, ఈ పద్దులును ఏటేటి రిటర్నులును ఆమెకు సాక్ష్యముగా నక్కఱకు వచ్చును.