ఆదివారం ఒకే మూకుడు చాలు



ఆదివారం ముగింపు ప్రార్థనకు ముందే మందిరంలో స్త్రీల వైపు చాపలు సగం ఖాళీ అవుతుంటాయి. భక్తి లేక కాదు. ఇంటికి వెళ్లి అన్నం వార్చాలి, కోడికూర వండాలి, పప్పు, వేపుడు, చారు కూడా ఉండాలి. విశ్రాంతి దినమని మనం చెప్పుకునే రోజునే ఇల్లాలికి పని ఎక్కువ. ఇది సరికాదని మా అభిప్రాయం.

2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించేవారు. అంటే మూడు రెట్లు. ఆ భారం ఆదివారమైనా తగ్గాలి కదా!

అందుకే చికెన్, కూరగాయలు కలిపి ఒకే మూకుడులో వండుకోమంటున్నాం. నలుగురికి అరకిలో చికెన్, రెండు బంగాళాదుంపలు, రెండు క్యారెట్లు, గుప్పెడు బీన్స్, ఒక క్యాప్సికం, రెండు ఉల్లిపాయలు, రెండు టమాటాలు చాలు. ముందు కూరగాయలు తరిగి పెట్టుకుని, చివర్లో మాంసం కోయండి. అప్పుడు పచ్చి మాంసం అంటిన కత్తిపీట కూరగాయలకు తగలదు. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, కాస్త పెరుగు పట్టించిన చికెన్‌ను ఆరాధనకు వెళ్లేముందు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేనివారు ఆరాధన అయ్యాకే కొనుక్కోవడం మేలు. మన ఎండలకు మాంసం గంటకు మించి బయట ఉండకూడదు.

మూకుడు వెడల్పుగా ఉండాలి. ముక్కలు ఒకదానిమీద ఒకటి పడితే నీరు ఊరి ఉడుకుతాయే గాని వేగవు. నూనెలో పది నిమిషాలు ఎర్రగా వేయించి ఉల్లిపాయ, దుంప, క్యారెట్ వేసి మూత పెట్టి సన్నటి మంట మీద మగ్గనివ్వండి. పది నిమిషాలకు బీన్స్ వేయండి. దుంప మెత్తబడ్డాకే టమాటా, క్యాప్సికం వేయాలి. టమాటా పులుపు ముందే తగిలితే దుంప త్వరగా ఉడకదు. ఎముక దగ్గర ఎరుపు పోయి మాంసం పూర్తిగా ఉడికాక కొత్తిమీర చల్లి దించేయండి.

“కోడికూరలో కూరగాయలేమిటండీ?” అని కొందరు పెద్దలు అడుగుతారు. మునక్కాయ మటన్, దోసకాయ మటన్, గోంగూర చికెన్ మన ఇళ్లలోవే కదా! పెద్దలు రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేరే గిన్నెలో పెడితే పక్కకు నెట్టేసే పిల్లలు కూడా చికెన్ రసం పట్టిన దుంపనూ క్యారెట్‌నూ తింటారు.

మార్త కథ చెప్పి వంటగదిలోని స్త్రీని మందలించే ప్రసంగాలు మనం చాలా విన్నాం. మందలింపుతో పొయ్యి మీద అన్నం ఉడకదు. ఆమె కూర్చుని వాక్యం వినాలని కోరేవారు ఆమె పనిలో సగం తీసుకోవాలి. తిరిగి లేచిన ప్రభువే తిబెరియ సముద్రతీరాన నిప్పుల మీద చేపలు సిద్ధం చేసి శిష్యులను భోజనానికి పిలిచాడని యోహాను 21వ అధ్యాయంలో చదువుతున్నాం. వంట చేయడం మగవారికి చిన్నతనమైతే ఆ పని ఆయన చేసేవాడా?

సహోదరులారా, వండడం రాకపోతే ఉల్లిపాయలు తరగండి. అదీ చేతకాకపోతే తిన్నాక మూకుడు తోమండి. అందులో నేర్చుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు.

ప్రభువు మీ ఇంటి భోజనాన్ని, దాన్ని వండే చేతులను దీవించును గాక. ఆమేన్.