కొండ దిగే బాటకు ఒక్క హెక్టారు చాలు

చలికాలం వచ్చిందంటే నర్సీపట్నం మీదుగా లంబసింగికి, చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు దగ్గరి వంజంగి కొండకు కార్లు, మోటారు సైకిళ్ళు బారులు తీరుతాయి. మబ్బులు కాళ్ళ కింద తేలుతుంటే చూడాలని పట్నవాసులు చీకట్లోనే కొండ ఎక్కుతారు. సరదాను తప్పు పట్టనక్కరలేదు. అయితే అదే కొండల వరసలో, అదే వేళకు, భుజాన కావిడితో కిందికి దిగే మనుషులున్నారు. వారు మబ్బులు చూడటానికి బయలుదేరినవారు కారు. నెల బియ్యానికి బయలుదేరినవారు.

రోలుగుంట మండలం ఆర్ల, రావికమతం మండలం చీమలపాడు వంటి పంచాయతీలకు కొండమీద శివారు పల్లెలున్నాయి. మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి, గొలుగొండ, నాతవరం మండలాల్లోనూ ఇటువంటివి ఉన్నాయి. పది ఇళ్ళు ఒకచోట, పదిహేను ఇళ్ళు ఇంకోచోట. కోదులు, కొండదొరలు, వాల్మీకులు, భగతలు ఉంటారు. కార్డు బియ్యం ఇచ్చే డిపో కింద పల్లంలో ఉంటుంది. బియ్యం తేవాలంటే ఒక పగలు పూర్తిగా పోతుంది.

తొలికోడి కూయగానే చోడి అంబలి తాగి బయలుదేరతారు. వట్టి చేతులతో దిగటం ఉండదు. కొండ చీపుర్ల కాలమైతే చీపురు కట్టలు, ఎండాకాలమైతే చింతపండు, లేకుంటే అడ్డాకులు. సంతలో అవి అమ్మితేనే ఉప్పు, మిరపకాయలు, ఎండుచేపలు వస్తాయి. దారి రిజర్వు అడవిలోంచి పోతుంది. దారి అనటం కూడా అలవాటు కొద్దీ అంటున్న మాటే. మనిషి వెనుక మనిషి నడిచే కాలిబాట అది. బండల మీద జారుడు, రెండు మూడు చోట్ల గెడ్డ దాటాలి. డిపోకు చేరేసరికి ఎండ ముదురుతుంది. అక్కడ యంత్రం మీద వేలు పెట్టాలి. పారపట్టి, కట్టెలు కొట్టి అరిగిపోయిన వేళ్ళు. ఒక్కోసారి ముద్ర పడదు, ఒక్కోసారి సిగ్నల్ ఉండదు. రేపు రమ్మంటే మళ్ళీ ఒక పగలు పోయినట్టే.

అంత్యోదయ కార్డుకు నెలకు 35 కిలోల బియ్యం. కావిడికి అటు సగం, ఇటు సగం కట్టి మళ్ళీ కొండ ఎక్కాలి. దిగేటప్పుడు మోకాళ్ళు నొస్తాయి, ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు. చంటిబిడ్డ తల్లి అయితే బిడ్డ వీపున, మూట నెత్తిన. ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది.

2021 జనవరిలో ఇంటింటికీ బియ్యం అందించే బండ్లు రాష్ట్రమంతటా వచ్చాయి. ఆ బండ్లు ఎక్కడానికి ఈ కొండలకు బాట ఉంటే కదా! 2025 జూన్ 1 నుంచి బండ్లు పోయి మళ్ళీ డిపోలే వచ్చాయి. ఈ రెండు మార్పులనూ పల్లంవారు నెలల తరబడి చర్చించుకున్నారు. కొండమీద కావిడి మారలేదు.

బియ్యం సంగతి ఇలా ఉంటే రోగి సంగతి వేరే చెప్పాలా? కర్రకు దుప్పటి కట్టి, అందులో నిండు చూలాలిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు మోసుకు దిగే డోలీ ఈ జిల్లాలో పాత కథ కాదు. కింద 108 బండి ఎదురు చూస్తుంటుంది. ఆ బండి దాకా చేరటమే అసలు గండం. ఈ గిరిజనులు బాట కోసం డోలీలు భుజాన వేసుకుని యాత్రలు చేశారు, అధికారులకు అర్జీలిచ్చారు. కొన్నిచోట్ల చందాలు వేసుకుని, పలుగు పార పట్టి, తామే బాట చదును చేసుకున్నారు.

అడవిలో నడక అంటే మన ప్రభుత్వాలకు, సంస్థలకు ఏర్పాట్లు చేయడం చేతగాదనుకుంటే పొరపాటు. తిరుమల కొండమీద ఏటా ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి జరుగుతుంది. భక్తులు పాపవినాశనం దగ్గర నుంచి శేషాచలం అడవిలో నడిచి తీర్థానికి వెళతారు. శేషాచలం అంటే 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం ఉన్న అడవి. ఆ నడకకు దేవస్థానం వారు అన్నం పొట్లాలు, మంచినీళ్ళు, మజ్జిగ, వైద్య సిబ్బందిని ఏర్పాటు చేస్తారు. అటవీ, పోలీసు సిబ్బంది దారిలో కాపు ఉంటారు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు రావద్దని ముందే ప్రకటిస్తారు. ఎంతో మెచ్చదగిన పని. మన ప్రాంతం నుంచి తిరుమల వెళ్ళేవారు ఎందరో కనుక ఈ పోలిక చెప్పవలసి వచ్చింది. అక్కడ ఏడాదికొక్క రోజు నడక, నడవలేనివారు మానుకోవచ్చు. ఇక్కడ నెలనెలా నడక. ఉబ్బసం ఉన్న ముసలమ్మను రావద్దంటే ఆమె కార్డు బియ్యానికి ఎవరు వేలిముద్ర వేస్తారు?

బాట మాట ఎత్తితే ఈ కొండలకు ఒక పాత గాథ కూడా ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును అడ్డుకుంది. ఆ రెండు కడుపుమంటలూ కలిసి అల్లూరి సీతారామరాజు వెంట నడిచాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడులు జరిగాయి. ఆ కృష్ణదేవిపేట నేడు మన జిల్లాలోనే, గొలుగొండ మండలంలో ఉంది. సీతారామరాజు సమాధి అక్కడే ఉంది. తెల్లదొరల కాలంలో తమకు అక్కరలేని రోడ్డుకు బలవంతాన రాళ్ళు మోసినవారి మునిమనుమలు, తమకు కావలసిన బాటకు తామే రాళ్ళు తొలగించుకుంటున్నారు. వందేళ్ళలో వచ్చిన మార్పు అదే.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు షెడ్యూల్డ్ ప్రాంతం మండలాలన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్ళాయి. పాడేరు ఐ.టి.డి.ఏ. అటే ఉంది. మన జిల్లాలో మిగిలినవి షెడ్యూలులో చేరని కొండ పల్లెలు. కొండ అదే, అడవి అదే, మనిషీ అతడే. హద్దు గీతకు ఇవతల ఉన్న పాపానికి లెక్కలు మారిపోతాయి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన అసలు నియమం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో 250 మంది ఉన్న ఊరికి రోడ్డు వేయవచ్చు, సాధారణ ప్రాంతంలో 500 మంది ఉండాలి. 2023 నవంబరులో ఆదిమ తెగల కోసం పెట్టిన జన్‌మన్ పథకంలో దాన్ని 100కు తగ్గించారు. పదిహేను ఇళ్ళ పల్లెలో వంద మంది ఎక్కడ నుంచి వస్తారు?

ఇక అందరూ చెప్పే అడ్డంకి అటవీ శాఖ అనుమతి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ఉంది కనుక పైనుంచి ఉత్తర్వు రావాలంటారు. ఇక్కడే పల్లెలవారు ఒక సంగతి గట్టిగా తెలుసుకోవాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మూడో సెక్షను రెండో ఉపసెక్షను, 1980 చట్టంలో ఏమున్నా సరే, పదమూడు రకాల ప్రజావసరాలకు అడవి భూమి ఇవ్వవచ్చని చెబుతోంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, చౌకడిపో, కరెంటు తీగలు, మంచినీటి గొట్టాలతో పాటు రోడ్డు కూడా ఆ జాబితాలో ఉంది. షరతులు మూడే. భూమి ఒక్కొక్క పనికి ఒక హెక్టారుకు లోపు ఉండాలి. కొట్టవలసిన చెట్లు హెక్టారుకు 75కు మించరాదు. గ్రామసభ సిఫారసు చేయాలి. అనుమతి ఇవ్వవలసినది జిల్లాలోని అటవీ అధికారే. ఆయనకు సమ్మతం కాకపోతే విషయం కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి పోతుంది. ఢిల్లీ దాకా పోనక్కరలేదు.

హెక్టారంటే పది వేల చదరపు మీటర్లు. మూడు మీటర్ల వెడల్పున బాట వేస్తే మూడు కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. ఆటో ఎక్కటానికి, 108 బండి రావటానికి అది చాలు. ఇంకా దూరం ఉన్న పల్లెలకు చాలదన్న మాట నిజమే. కాని బాట మొత్తం రిజర్వు అడవిలోనే ఉండదు. పల్లం వైపు కొంత రెవెన్యూ భూమి ఉంటుంది, పైన కొంత పోడు పట్టా భూమి ఉంటుంది. అడవి ముక్క ఎంతో కొలిస్తే గాని తెలియదు. కొలవటానికి ఎవరైనా ముందు కొండ ఎక్కాలి.

చిక్కు గ్రామసభ దగ్గర ఉంది. పంచాయతీ ఆఫీసు పల్లంలో, ఓట్లూ పల్లంలోనే. కొండ శివారు మాట సభలో చివరి అంశం కూడా కాదు. అయితే అదే చట్టం గ్రామం అనే మాటకు అర్థం చెబుతూ పాత నివాసాలను, సర్వే కాని పల్లెలను కూడా గ్రామాలుగానే ఎంచింది. కాబట్టి కొండమీద పల్లె తన సభ తాను పెట్టుకుని తీర్మానం చేయవచ్చునని అడగటానికి ఆధారం ఉంది. సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా హాజరు కావాలి, వచ్చినవారిలో మూడోవంతు ఆడవారుండాలి. బియ్యం మూటలు మోసేది వారే గనుక ఆ లెక్కకు కొదవ ఉండదు.

రోడ్డు పడితే కలప దొంగలు, క్వారీ లారీలు వస్తాయన్న భయం కొందరిది. ఆ భయం వట్టిది కాదు. నాతవరం మండలంలో లేటరైట్ తరలింపు బాట వ్యవహారం 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అయితే మూడు మీటర్ల ఊరి బాటనూ, టిప్పర్ల బాటనూ ఒకే గాట కట్టటం న్యాయం కాదు. బాట మొదట్లో గేటు పెట్టి, ఏ బండి పోవచ్చునో పల్లె సభే తేల్చవచ్చు. అడవిని కాపాడే పేరుతో డోలీని కాపాడటం ఎవరికీ తగదు. అటవీ సిబ్బందిని మాత్రమే తప్పు పట్టటం కూడా తగదు. బీటు గార్డు సైతం ఆ బండల మీదే జారుతూ నడుస్తున్నాడు.

వానలు మొదలైతే గెడ్డలు పొంగి ఈ నడక కూడా ఆగిపోతుంది. ఈ లోగా ఆర్ల, చీమలపాడు వంటి పంచాయతీల కొండ శివార్లలో సభలు పెట్టించి తీర్మానాలు తీసుకోవాలి. రెవెన్యూ, అటవీ సర్వేయర్లను ఒకేసారి పంపి కొలతలు వేయించాలి. బాట పడేదాకా నెలకొకసారైనా కొండ సగం దారిలో ఒకచోట బియ్యం ఇచ్చే ఏర్పాటు ఉండాలి, వేలిముద్ర పడనివారికి వేరే పద్ధతి ఉండాలి. తీర్మానం రాయటానికి కొండమీద చదువుకున్నవారు లేకపోతే పంచాయతీ కార్యదర్శి ఒకసారి ఎక్కి రాసిపెట్టవచ్చు. ఎక్కి దిగటానికి ఒక పగలు పడుతుంది.