గుర్రం సరే... కళ్లెం ఏదీ?

మస్టాంగ్ అంటే మచ్చిక కాని అడవి గుర్రం. ఫోర్డ్ కంపెనీ 1964 ఏప్రిల్‌లో అదే పేరుతో కారు తెచ్చినప్పుడు అమెరికా కుర్రకారు వెర్రెత్తిపోయింది. పొడవాటి ముక్కు, పొట్టి తోక, ముందు వీ8 ఇంజిన్... పరుగెత్తడానికే పుట్టినట్టుండేది. విచిత్రమేమిటంటే ఆ గుర్రాల్లో చాలావాటికి కళ్లెం డ్రైవరు చేతిలో లేదు. ‘సీ4’ అనే మూడు గేర్ల ఆటోమేటిక్ బాక్సు ఆ పని తానే చూసుకునేది. అది కావాలని కొనుక్కున్నవాళ్లే ఎక్కువమంది. పొద్దున ఆఫీసుకి, సాయంత్రం కూరగాయలకి వెళ్లేవాళ్లకి అదే సుఖం మరి!

ఆ కార్లకు ఇప్పుడు అరవై ఏళ్లు దాటాయి. వాటిని ఈరోజుల్లో కొనేవాళ్లు కూరగాయల కోసం కొనరు. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఓ గంట తిప్పుకోవడానికి కొంటారు. అక్కడే వస్తుంది చిక్కు. కాలికి, చేతికి పనిలేకపోతే ఆ గంటలో సరదా ఏముంది? అందుకే ఆటోమేటిక్ బాక్సు తీయించి, చేత్తో గేర్లు వేసుకునే బాక్సు పెట్టించుకోవడం పాత కార్ల ప్రియులకు ఓ పెద్ద ముచ్చట. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గేర్ల బండి మీద డ్రైవింగ్ నేర్చుకుని, అమెరికా వెళ్లాక ఎడమకాలికి పని లేకుండా పోయిన మనవాళ్లకూ ఆ ముచ్చట ఇట్టే అర్థమవుతుంది.

వేగం కోసం కాదు

ముందే ఓ మాట. కారు వేగంగా పోతుందని ఈ పనికి దిగితే నిరాశ తప్పదు. ఇప్పటి కొత్త ఆటోమేటిక్‌లు మనిషి చెయ్యి కన్నా చకచకా గేర్లు మారుస్తున్నాయి. ఇది అనుభూతి కోసం చేసే పని.

1960ల నాటి ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య గట్టి బంధం ఉండదు. నూనె నిండిన డబ్బాలో ఎదురెదురుగా రెండు ఫ్యాన్లను ఊహించుకోండి. ఒకటి తిరిగితే నూనె కదిలి రెండోదాన్ని తిప్పుతుంది. దాన్నే టార్క్ కన్వర్టర్ అంటారు. కుదుపు లేని ప్రయాణం దాని వరం. కొంత శక్తి నూనెలోనే వేడిగా పోవడం దాని శాపం. మనం యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, కారు మాత్రం ఓ క్షణం ఆలోచించి కదులుతుంది. క్లచ్ ఉన్న కారులో ఆ ఆలోచన ఉండదు.

డబ్బా మారిస్తే చాలదు

‘ఓ బాక్సు విప్పి ఇంకోటి బిగించడమేగా’ అనుకుంటే పొరపాటే. పని కారు లోపల డాష్‌బోర్డు కిందే మొదలవుతుంది. అక్కడ బ్రేకు పెడల్ వెడల్పుగా ఉంటుంది. అది తీసేసి సన్నది వేయాలి. పక్కనే క్లచ్ పెడల్ వేలాడదీయాలి. మెకానిక్ తల కిందికి, కాళ్లు పైకి పెట్టి చేయాల్సిన పని ఇది. నడుం పట్టేస్తుంది.

తర్వాత ఇంజిన్ వెనక్కి వెళ్దాం. ఆటోమేటిక్‌లో అక్కడ పల్చటి ఉక్కు పళ్లెం ఉంటుంది. దాని స్థానంలో బరువైన ఫ్లైవీల్, దానిమీద క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు రావాలి. క్రాంక్ షాఫ్ట్ చివర బొటనవేలంత బుష్ ఒకటి దించాలి. గేరుబాక్సు ముందు షాఫ్ట్ మొన ఆనేది అందులోనే. చిన్నదే కదా అని మరిచిపోతే షాఫ్ట్ ఊగిపోయి బాక్సే పాడవుతుంది. పెడల్ నుంచి క్లచ్ దాకా నొక్కుడు చేరవేసే రాడ్లు, ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య అడ్డంగా తిరిగే బార్, కొత్త బాక్సును మోసే క్రాస్ మెంబర్... అన్నీ కావాలి. చివరికి వెనక చక్రాలకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కొలవాలి. కొత్త బాక్సు బిగించాక కొలవాలి, ముందు కాదు.

తీసేసిన వాటి జాడలూ మూసేయాలి. సీ4లోని నూనె చల్లబడటానికి రేడియేటర్‌కి రెండు గొట్టాలు వెళ్తాయి. వాటిని తీసి రంధ్రాలకు బిరడాలు వేయాలి. బాక్సుకు ఇంజిన్ నుంచి వచ్చే సన్నటి వాక్యూమ్ గొట్టాన్నీ మూసేయాలి. లేకపోతే ఇంజిన్ గాలి పీల్చి, నిలబడ్డచోటే గిజగిజలాడుతుంది. ‘బాక్సు మార్చాక ఇంజిన్ పాడైంది’ అని తల పట్టుకునేవాళ్లలో కొందరి రోగం ఈ గొట్టమే!

28 ఎక్కడ... 50 ఎక్కడ?

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఫ్లైవీల్ దగ్గర జరుగుతుంది. ఫోర్డ్ చిన్న వీ8 ఇంజిన్లలో తూకం కోసం ఫ్లైవీల్‌కు ఓ పక్క కావాలనే కాస్త బరువు ఎక్కువ పెడతారు. 1960ల నాటి 289, 302 ఇంజిన్లకు ఆ తేడా 28 ఔన్స్-అంగుళాలు. 1980ల మొదట్లో కంపెనీ దాన్ని 50కి మార్చింది. రెండు చక్రాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. పాత ఇంజిన్‌కి కొత్త చక్రం బిగించారనుకోండి... కారు వణుకుతుంది. వణుకు పట్టించుకోకుండా తోలితే బేరింగులు అరిగి ఇంజిన్‌కే ఎసరు వస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. చక్రం చుట్టూ ఉండే పళ్ల లెక్కలోనూ 157, 164 అని రెండు రకాలున్నాయి. బెల్ హౌసింగ్, స్టార్టర్ మోటారు ఆ లెక్కకు సరిపోయేవే కావాలి.

ఆపితే ఆగాలిగా!

ఆటోమేటిక్ కారు ‘పార్క్’లోనో ‘న్యూట్రల్’లోనో ఉంటేనే స్టార్టవుతుంది. బాక్సు మారిస్తే ఆ స్విచ్ పోతుంది. చాలామంది దాని రెండు తీగల్నీ కలిపేసి చేతులు దులుపుకొంటారు. ఆనక ఎవరైనా గేరులో ఉన్న కారుకి తాళం తిప్పితే? ముందుకు దూకుతుంది. ముందు గోడ ఉందో, పిల్లాడు ఉన్నాడో దానికి తెలియదు. 1960ల గేరు మస్టాంగ్‌లకు క్లచ్ స్విచ్ ఉండేది కాదు. అయినా ఇప్పుడు పెట్టించుకోవడం తెలివైన పని. క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యేలా చేయడానికి ఒక్క స్విచ్, రెండు తీగలు చాలు.

‘పార్క్’ పోయిందంటే ఏటవాలులో కారుని పట్టుకునే పన్ను కూడా పోయినట్టే. ఇన్నాళ్లూ వాడని హ్యాండ్ బ్రేకు ఇక రోజూ పనిచేయాలి. దాని కేబుల్ తుప్పు పట్టిందేమో ముందే చూడాలి. వెనక్కి వెళ్లేటప్పుడు వెలిగే దీపాలకూ కొత్త బాక్సు మీది స్విచ్ నుంచి తీగలు కలపాలి.

నాలుగా... ఐదా?

ఏ బాక్సు పెట్టాలన్నది ఇంకో పేచీ. అచ్చం ఆనాటి కారులా ఉండాలంటే ఫోర్డ్ వారి నాలుగు గేర్ల ‘టాప్‌లోడర్’. మూత పైన ఉండటంవల్ల ఆ పేరొచ్చింది. మొండిది, బలమైనది. హైవే మీద హాయిగా వెళ్లాలంటే 1983 నుంచి మస్టాంగ్‌లలో వచ్చిన ఐదు గేర్ల ‘టీ5’. వీ8 కార్ల టీ5లో ఐదో గేరు నిష్పత్తి సాధారణంగా 0.68. అంటే పై గేరులో నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజిన్, అదే వేగానికి సుమారు 2,040 చుట్లతో సరిపెట్టుకుంటుంది. చెవులకు హాయి, పెట్రోలుకు ఆదా. అయితే మొదట్లో వచ్చిన టీ5లు అంత గట్టివి కావు. 1985 నుంచి వచ్చిన ‘వరల్డ్ క్లాస్’ రకం వెతుక్కోవడం మేలు.

తలుపు అబద్ధం చెప్పదు

ఇప్పుడు అసలు ప్రశ్న. అరవై ఏళ్ల కారుని ఇలా కోయొచ్చా?

1965-66 మస్టాంగ్ డ్రైవరు తలుపు మీద చిన్న రేకు ఉంటుంది. అందులో బాక్సు గుర్తు ‘6’ ఉంటే ఆ కారు ఆటోమేటిక్‌గా పుట్టిందని అర్థం. ‘5’ అయితే నాలుగు గేర్లది. బాక్సు మార్చినా రేకు మారదు. మారకూడదు కూడా. కొందరు అక్కడే చెయ్యి పెడతారు. ‘5’ ఉన్న కొత్త రేకు కొట్టించి ‘కంపెనీ గేర్లే’ అని అమ్మేస్తారు. అప్పటిదాకా ముచ్చటగా ఉన్న పని అక్కడినుంచి మోసమవుతుంది.

‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 మస్టాంగ్‌ని 2020 జనవరిలో వేలం వేస్తే 37.4 లక్షల డాలర్లు పలికింది. దానికేమీ మెరుగులు దిద్దలేదు. తుప్పు, గీతలు, షూటింగ్ కోసం చేసిన మార్పుల ఆనవాళ్లతో సహా ఉన్నదున్నట్టు అమ్మారు. మార్పు జరిగిందని విలువ తగ్గలేదు. ఎప్పుడు, ఎందుకు జరిగిందో తెలియడంవల్లే పెరిగింది. మామూలు కారుకి అంత ధర రాకపోవచ్చుగానీ నీతి మాత్రం అదే.

కాబట్టి పాత సీ4ని తుక్కుకి వేయకండి. నూనె ఒంపి, గొట్టాల మూతులు బిగించి, బోల్టుల్ని డబ్బాల్లో పోసి పేర్లు రాసి అటకెక్కించండి. రేపు కారు కొన్నవాళ్లు వెనక్కి మార్చుకుంటామంటే వాళ్లకి దారి ఉండాలి. వీలైనంతవరకు రేకు కోయకుండా, బోల్టులతోనే బిగేలా పని చేయించండి.

మన దగ్గరైతే...

పెట్రోలు అంబాసిడర్‌కి డీజిల్ ఇంజిన్ ఎక్కించిన చేతులు మన షెడ్లలోనూ ఉన్నాయి. పనితనానికి కొదవలేదు. చట్టంతోనే జాగ్రత్త. కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అంటోంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారుకి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. అయితే అది అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అందుకని స్పానర్ పట్టేముందు ఆర్టీవో ఆఫీసులో అడగటం మంచిది. అడిగితే పోయేది ఓ పూట. అడక్కపోతే నంబరే దక్కకపోవచ్చు.

ఇంతకీ మార్చాలా, వద్దా? కొద్ది సంఖ్యలోనే తయారైన అరుదైన మోడల్ అయితే, కంపెనీ బాక్సు ఇంకా దాంట్లోనే ఉంటే, ముట్టుకోకండి. అలాంటివి మిగిలిందే తక్కువ. మామూలు కారైతే, బాక్సు ఎటూ చెడిపోయి ఉంటే, నిశ్చింతగా మార్చుకోండి. షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయే ఆటోమేటిక్ కన్నా రోడ్డెక్కే గేర్ల కారే మేలు. కాకపోతే ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో కాగితం మీద రాసి బండి కాగితాలతోపాటే దాచండి. మీ తర్వాత ఆ కారు ఎక్కేవాళ్లకి అది ఉపయోగపడుతుంది.