కదిలే బొమ్మలు, రెండు దిక్కుల లిపులు

నేడు ఏ కళాశాల వెబ్‌సైటు తెరచినా ఛాయాచిత్రాల వరుస ఒకటి రైలుబండివలె సాగిపోతూ కనిపిస్తుంది. ప్రకటనలు కూడా బొమ్మలుగా మారి ఆ వరుసలోనే వెళ్తుంటాయి. జావాస్క్రిప్టులో ఇరవై ముప్పై పంక్తులు వ్రాయగలిగితే ఈ కదలిక సిద్ధిస్తుంది. ఇంత చిన్న విషయానికి వార్షిక సంచికలో చోటెందుకని కమిటీ పెద్దలు అడుగవచ్చు. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మనవంటి కళాశాలకు ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

తెలుగు ఎడమనుండి కుడికి సాగే లిపి. కనుక తెలుగు పంక్తి తెరపై ఎడమవైపుకు జరగాలి. అప్పుడే మొదటి మాట ముందుగా కంటబడుతుంది. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగుతుంది గనుక దాని పంక్తి కుడివైపుకు జరగాలి. ఈ భేదం పాటించక రెండింటినీ ఒకే దిక్కుకు తోస్తే ఉర్దూ వాక్యంలో చివరి మాట ముందు వస్తుంది. చదువరి దానిని తిరిగి పేర్చుకోవలసిందే. ప్రోగ్రాములో మార్చవలసినదల్లా ఆరంభ స్థానం, ఒక ప్లస్సు గుర్తు, ఒక మైనస్సు గుర్తు. 2017లో తెలంగాణ అంతటా రెండవ అధికార భాషగా గుర్తింపు పొందిన ఉర్దూకు ఆపాటి శ్రద్ధ చూపలేమా?

ఇక కదలిక మృదువుగా ఉండడం సంగతి. గోదావరిఖని విద్యార్థులకు బొగ్గు మోసే బెల్టును గూర్చి చెప్పనక్కరలేదు. కొసలు రెండూ కలిపి ఉన్నందుననే అది అంతులేక తిరుగుతుంది. బొమ్మలకూ అదే ఉపాయం. తెర వెడల్పుకు తగ్గని వరుసను రెండుసార్లు ప్రక్కప్రక్కన పేర్చి, మొదటి ప్రతి పూర్తిగా తెర దాటగానే స్థానాన్ని మరల సున్నాకు చేర్చాలి. అప్పటికి రెండవ ప్రతి మొదటిదాని చోటనే ఉంటుంది గనుక అతుకు కంటికి కనబడదు.

సెట్‌ఇంటర్వల్‌తో ఇన్ని మిల్లీసెకన్లకొక పిక్సెలు జరుపుమని వ్రాయడం పలువురికి అలవాటు. ఆ గడియారానికీ తెరకూ పొత్తు కుదరక బొమ్మ కుదుపులతో నడుస్తుంది. రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ అనే సదుపాయమైతే తెర తిరిగి గీయబడే ముందు మన ఆజ్ఞను పిలుస్తుంది. సామాన్యమైన తెరపై ఇది సెకనుకు 60 సార్లు, అనగా సుమారు 16.7 మిల్లీసెకన్లకొకసారి జరుగుతుంది. అయితే ప్రతిసారీ ఒక పిక్సెలని లెక్కపెడితే, 120 సార్లు గీసే క్రొత్త ఫోనుపై వరుస రెట్టింపు వేగంతో పరుగెత్తుతుంది. గడచిన కాలాన్ని వేగంతో గుణించి ఆ మేరకు జరపడమే సరియైన మార్గం. పాత ఫోనుకూ ఖరీదైన ఫోనుకూ వేగం ఒకటే ఉండాలి గదా!

ఉపకారవేతనపు గడువు తేదీని కదిలే బొమ్మలో పెట్టడం మాత్రం నాకెంతమాత్రం సమ్మతం కాదు. పెద్దపల్లి బస్సులో కూర్చుని ఫోను చూచే విద్యార్థిని కంటికి అది అందేలోపే దాటిపోతుంది. బొమ్మలోని అక్షరాలు వెదికితే దొరకవు. ప్రక్కన వివరణ వ్రాయకుంటే చూపులేనివారికి చదివి వినిపించే సాధనానికీ అందవు. తనంతట మొదలై 5 సెకన్లకు మించి కదిలే సమాచారాన్ని ఆపే వీలు చదువరికి ఉండాలని అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అటువంటి వార్తలు రెండు భాషలలో, యూనికోడ్ అక్షరాలతో, పేజీపై నిలకడగా ఉండాలి. కదిలే వరుసకు క్రీడోత్సవాల ఫోటోలు చాలు.

ఈ పనిని బయటివారికి అప్పగించే ముందు మన కంప్యూటరు విద్యార్థులకు ఒక నెల గడువిచ్చి చూడవలసినదిగా కమిటీవారిని కోరుతున్నాను. ఉర్దూ పంక్తిని సరిచూచే బాధ్యత మాత్రం ఉర్దూ చదివే విద్యార్థికే ఇవ్వాలి.