దేవదాసు చచ్చిపోయాడా, మళ్ళీ పుట్టాడా?

"దేవదాసు చచ్చిపోయాడని మా నాయనమ్మ అంటుంది. కాదు, మళ్ళీ పుట్టాడని తాతయ్య అంటాడు. ఎవరి మాట నిజం?" అని అంబర్‌పేట్ నుంచి ఒక అమ్మాయి అడిగింది.

ఇద్దరి మాటా నిజమేనమ్మా! ఈ కథను శరత్‌చంద్ర చటర్జీ వంగభాషలో రాశారు. రాసేనాటికి ఆయన కుర్రవాడే. పుస్తకం మాత్రం 1917లో గాని వెలువడలేదు. అందులో దేవదాసు తాగుడుతో ఒళ్ళు గుల్ల చేసుకుని, చిన్ననాటి నేస్తం పార్వతి అత్తవారి వాకిట ప్రాణాలు విడుస్తాడు. 1953లో వేదాంతం రాఘవయ్యగారు తీసిన తెలుగు చిత్రంలోనూ అంతే.

అతను అలా పోవటం ఎవరికి ఇష్టం? 25 ఏళ్ళ తరవాత, 1978లో, దాసరి నారాయణరావుగారు "దేవదాసు మళ్ళీ పుట్టాడు" తీశారు. అందులోనూ అక్కినేని నాగేశ్వరరావుగారే నటించారు. తాతయ్య చెప్పేది దీన్ని గురించే అయి ఉంటుంది!

ఇంకో తమాషా. దేవదాసును ఆదరించిన నర్తకి చంద్రముఖి, పార్వతి నవలలో కలుసుకోనే కలుసుకోరు. 1955 నాటి హిందీ చిత్రంలో బిమల్ రాయ్ వారిని దారిలో ఎదురుపడనిచ్చాడు, మాట్లాడనివ్వలేదు. 2002లో సంజయ్ లీలా భన్సాలీ ఇద్దరిచేతా కలిసి నాట్యమే చేయించాడు! 2009లో అనురాగ్ కశ్యప్ "దేవ్.డి"లో అసలు దేవదాసును చావనివ్వలేదు. నాకైతే బిమల్ రాయ్ పద్ధతే నచ్చింది.

ఇలా మారిస్తే మూలకథ పాడవదా? పాడవదు. శరత్ రాసిన అక్షరాలు పుస్తకంలో అలాగే ఉన్నాయి. శరత్ నవలలను చక్రపాణిగారు తెనిగించారు కూడా, పెద్దయ్యాక చదువుకోవచ్చు. ఈలోగా నాయనమ్మనూ, తాతయ్యనూ ఒకటి అడుగు: పార్వతీ, చంద్రముఖీ ఎదురుపడితే ముందు ఎవరు పలకరించాలి?